తెరకు ఇవతల ఉండవలసిన మనిషి

వైద్యుడు ఒకచోట, రోగి మరొకచోట ఉండగా ఫోను, ఇంటర్నెట్ వంటి సాధనాల ద్వారా జరిగే పరీక్షను, సలహాను, మందుల సూచనను కలిపి టెలిమెడిసిన్ అంటారు. నిపుణులైన వైద్యులు ఎక్కువగా నగరాల్లోనే స్థిరపడిన భారతదేశం వంటి దేశాల్లో, బీపీ మందు రాయించుకోవడానికి కూడా పల్లెలోని కూలీ ఒకరోజు పని మానుకొని బస్సెక్కవలసి వస్తున్నందువల్లనే ఈ పద్ధతికి ఇంత ప్రాధాన్యం ఏర్పడింది.

తెలుగునాట దీని చరిత్ర పాతికేళ్ల నాటిది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఆసుపత్రుల సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. అప్పట్లో ఉపగ్రహం అవసరమైన ఆ పని నేడు మామూలు ఇంటర్నెట్‌తోనే సాగుతోంది. మొహాలీలోని ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించగా కేంద్ర ఆరోగ్యశాఖ 2019 నవంబరులో మొదలుపెట్టిన ఈ-సంజీవని టెలిమెడిసిన్ సేవలో గ్రామ ఆరోగ్య కేంద్రాలను, వైద్యులు కూర్చునే ‘హబ్’ అనే కేంద్రాలతో కలిపారు. కొవిడ్ లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే వైద్యుడితో మాట్లాడే వీలు కూడా కల్పించారు.

ఈ రెండింటిలో పల్లెకు నిజంగా అక్కరకొచ్చేది మొదటిదే. గ్రామ కేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త బీపీ, షుగరు చూసి, పాత చీటీలు తిరగేసి, ఆ వివరాలను తెరమీది వైద్యుడికి అందిస్తుంది; ఆయన చెప్పినదాన్ని రోగికి తెలిసిన మాటల్లో మళ్లీ చెప్పి, మాత్రలు చేతిలో పెట్టి, ఎప్పుడు వేసుకోవాలో వివరిస్తుంది. తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రి నడిపే గ్రామీణ విజన్ సెంటర్లలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది: శిక్షణ పొందిన టెక్నీషియన్ స్లిట్ ల్యాంప్‌తో, అంటే సన్నని కాంతిరేఖ సాయంతో కంటిని పెద్దదిగా చూపే పరికరంతో, పరీక్ష జరిపి వివరాలు పంపితే, దూరాన ఉన్న వైద్యుడు వాటిని పరిశీలించి రోగితో మాట్లాడతాడు.

పొట్ట నొక్కి చూడటం మాత్రం తెర మీద సాధ్యం కాదు. ఈ పద్ధతికి హద్దులు గీస్తూ 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మత్తు కలిగించే కొన్ని మందులను ఇలా దూరం నుంచి రాయడాన్ని నిషేధించి, అత్యవసర స్థితిలో ప్రథమ చికిత్స చెప్పి రోగిని వెంటనే ఆసుపత్రికి పంపాలని నిర్దేశించాయి. ఆ దారిలో వాహనం, చేరిన చోట వైద్యుడు లేకపోతే ఆ సలహాకు ఫలితం ఉండదు. కాబట్టి ప్రభుత్వాలు ట్యాబులు కొనేముందు గ్రామ కేంద్రాల్లో ఖాళీగా ఉన్న పోస్టులను భర్తీ చేయాలి, మాత్రలు నిండుకోకుండా చూడాలి.