పుష్కర బృహస్పతిని పట్టి ఉంచిన ఆకర్షణ

2020 నవంబరులో బృహస్పతి మకరరాశిలో ప్రవేశించినప్పుడు అలంపురంలో తుంగభద్రా పుష్కరం జరిగినది. అంతకు ముందు 2016 ఆగస్టులో ఆయన కన్యారాశికి రాగా బీచుపల్లి, సోమశిల రేవులలో కృష్ణా పుష్కరస్నానాలు చేశాము. రాశిచక్రాన్ని చుట్టి రావడానికి ఆయనకు పన్నెండేండ్లు పడుతుందని అందరమూ అంటాము. కచ్చితంగా లెక్కిస్తే 11.86 సంవత్సరాలే. (అందువల్లనే 2010 నాటి హరిద్వార కుంభమేళా తరువాతిది 2022కు బదులు 2021లోనే వచ్చినది.) ఆ మహాగ్రహం దారి తప్పిపోకుండా పట్టి ఉంచుతున్నది ఏది?

ఈ ప్రశ్నకు భాస్కరాచార్యులు ఏనాడో సమాధానం చెప్పారనీ, పాశ్చాత్యులు దానినే తిరిగి చెప్పారనీ గద్వాల, వనపర్తి ప్రాంతాల భక్తులు కొందరు సంతోషంగా అంటుంటారు. 1150 నాటి సిద్ధాంతశిరోమణి గోలాధ్యాయంలో ఆచార్యులవారు చెప్పినది గొప్ప మాటే. భూమికి ఆకర్షణశక్తి ఉన్నదనీ, ఆకాశంలోని బరువైన వస్తువును అది తనవైపు లాగుకొనగా మనకు అది పడుతున్నట్లు తోస్తుందనీ, అన్ని వైపులా ఆకాశం సమానమే గనుక భూమి తాను ఎటు పడగలదనీ వారి వాదం. అయితే ఆ గ్రంథం ప్రకారం సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడు. గ్రహతారకల దైనందిన భ్రమణానికి కారణం ప్రవహవాయువు. గ్రహాలు పరస్పరం ఆకర్షించుకొంటాయన్న మాట అందులో లేదు. లేనిదానిని ఉన్నదని చెప్పి ఆచార్యులవారిని గౌరవించలేము.

ఆ పరస్పరాకర్షణను 1687లో న్యూటన్ ప్రతిపాదించాడు. కొల్లాపూరు మామిడిపండు తొడిమ వీడినప్పుడు భూమి పండును ఎంత బలంతో లాగుతుందో, పండు భూమిని అంతే బలంతో లాగుతుంది. భూమి ద్రవ్యరాశి అపారమైనందున దాని కదలిక మనకు తెలియదు, అంతే. ద్రవ్యరాశి పెరిగినకొలదీ ఆకర్షణ పెరుగుతుంది. దూరం రెండింతలైతే అది నాలుగవ వంతుకు, మూడింతలైతే తొమ్మిదవ వంతుకు తగ్గుతుంది.

బృహస్పతి సెకనుకు సుమారు 13 కిలోమీటర్ల వేగంతో పక్కకు సాగుతున్నాడు. సూర్యుని ఆకర్షణ ఆ దారిని నిరంతరం లోపలికి వంచుతున్నది. ఆ వేగం లేకుంటే సూర్యునిలో పడిపోయేవాడు. ఆ ఆకర్షణ లేకుంటే తిన్నగా వెళ్ళిపోయేవాడు. సూర్యుని ద్రవ్యరాశి బృహస్పతికి వెయ్యి రెట్ల పైమాటే. అయినా బృహస్పతి లాగడం వలన సూర్యుడూ నిశ్చలంగా ఉండలేడు. ఇద్దరూ కలిసి ఒకే బిందువు చుట్టూ తిరుగుతారు. ఆ బిందువు సూర్యుని కేంద్రంలో లేదు, సూర్యగోళపు ఉపరితలానికి కొంచెం వెలుపల ఉన్నది.