పొందూరు చిలప, దాని కూలి

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో గింజ మీది దూదిని దువ్వితే నలుసులు రాలిపోయి పోగులు ఒక వరసకొస్తాయి. తర్వాత చెక్క పలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీయాలి, దూది ఏకాలి, ఏకులు చుట్టాలి. అప్పటిగ్గాని రాట్నం తిరగదు. ఇంత చాకిరీ చేస్తే 100 నంబరు నూలు వస్తుంది.

నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, రోజంతా వడికినా తూగే బరువు తగ్గుతుంది. తూకం చూసి డబ్బిచ్చే వ్యాపారికి అమ్మితే, అందరికన్నా పనితనం ఉన్న ఆడమనిషికే అందరికన్నా తక్కువ ముడుతుంది. లాభం కన్నా పనివాళ్ల బతుకును ముందు చూసుకునే, సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని ఇప్పుడు మనం పిలుస్తున్న సంస్థల అవసరం సరిగ్గా ఇక్కడే.

పొందూరులో ఆ పని చేస్తున్నది 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. వడికినవాళ్ల దగ్గర చిలపలు, అంటే చుట్టి కట్టిన నూలు, తీసుకుంటుంది, నేతగాళ్లకిస్తుంది, నేసిన పంచెలూ చీరలూ అమ్ముతుంది. బట్ట అమ్ముడయ్యేదాకా ఆగే స్తోమత ఆ ఇళ్లకు ఉండదు కాబట్టి నిలవ సరుకు బరువు, బజారు వెతుక్కునే బాధ సంఘం మోస్తుంది.

మరి ధర మాటేమిటి? ఖద్దరు చవగ్గా దొరకాలా, వడికేవాళ్ల కడుపు నిండాలా అన్న తగువు పాతదే. 1925లో పుట్టిన అఖిల భారత చరఖా సంఘం చేత 1935లో గాంధీజీ పట్టుబట్టి ఒక సూత్రం ఒప్పించారు: బట్ట ధర పెరిగినా సరే, బతకడానికి చాలే కూలి ఇవ్వాల్సిందే. ఖద్దరు చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి అదే. 1956 నాటి చట్టం చేత్తో వడికి, చేత్తో నేసిందే ఖాదీ అని గిరి గీసింది. ఆ గిరి లేకపోతే మిల్లు నూలు బట్టకు అదే పేరు తగిలించి చవగ్గా అమ్మేవారు, రాట్నం ఏనాడో అటకెక్కేది.

రాట్నం అటకెక్కితే నష్టం ఒక్క వడికేవాళ్లదే కాదు. కొండపత్తి, పునాస పత్తి వేసే రైతుకూ ఈ దూదిని మెచ్చి కొనేవాళ్లు కరువవుతారు, నేతగాడి మగ్గమూ ఆగుతుంది.

అయినా ఇదంతా గెలిచిన కథ అనలేను. రాట్నం ముందు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది వయసు మళ్లిన ఆడవాళ్లే. పంచె ధర ఎంత పెరిగినా, రోజు మొత్తం వంగి కూర్చున్న మనిషికి వేరే కూలిపనికి దీటుగా రాకపోతే కూతురు ఆ పీట మీద కూర్చోదు. సంఘం ఏటా ఎంత అమ్మిందన్న లెక్క నేనూ చూస్తాను. దానికన్నా ముందు, కొత్తగా ఎంతమంది అమ్మాయిలు రాట్నం పట్టారని అడుగుతాను.