సంస్థల పరపతి నివేదికలు – వివిధ దేశముల కట్టుబాట్లు

ఋణము కోరి వచ్చిన రైతు ఎట్టివాడో గ్రామ పరపతి సంఘపు పంచాయతీదారులకు ఒకరు చెప్పనక్కరలేదు. అతని పొలమును, వాయిదాలు చెల్లించు తీరును వారెరుగుదురు. కాని ఋణమడుగునది ఒక కంపెనీయో, రైతుల ఉత్పత్తిదారుల సంస్థయో అయి, ఇచ్చునది పట్టణపు బ్యాంకు అయినచో ఈ ఎరుక యుండదు. అప్పుడు బ్యాంకువారు చూచునది పరపతి నివేదిక. ఆ సంస్థ బాకీ ఎంత, వాయిదా తప్పినదా యను వివరములు అందుండును. 1841లో న్యూయార్కునందు లూయీ టాపన్ స్థాపించిన మర్కంటైల్ ఏజెన్సీ ఈ వృత్తికి దారి చూపినది.

అట్టి నివేదికలో తప్పు దొర్లినచో ఏమగును? అమెరికాలో 1976లో జరిగిన దానిని చూడుడు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అను సంస్థ, వెర్మాంటు రాష్ట్రములోని గ్రీన్‌మాస్ బిల్డర్సు దివాలా తీసినదని ఐదుగురు చందాదారులకు తెలిపినది. నిజమునకు దివాలా దరఖాస్తు పెట్టినది ఆ కంపెనీ మాజీ ఉద్యోగి. ఋణవిషయమై బ్యాంకునకు వెళ్లినప్పుడే కంపెనీ అధ్యక్షునకు ఈ సంగతి తెలిసినది. ఆ ఐదుగురెవరో చెప్పుమన్నను చెప్పలేదు. పరువునష్టపు వ్యాజ్యములో నిర్ణయింపబడిన 3,50,000 డాలర్ల పరిహారము సుప్రీంకోర్టులో స్థిరపడుటకు 1985 వచ్చినది.

ఇంత కాలమేల పట్టినది? అమెరికాలో 1970 నాటి పరపతి నివేదికల చట్టము ముఖ్యముగా వ్యక్తులకే రక్షణ కల్పించినది. వ్యాపారసంస్థలకు కోర్టే దిక్కు. ఐరోపా సమాఖ్యలో 2018 నుండి అమలులోనున్న సమాచార రక్షణ నిబంధనలును మనుష్యులకే గాని కంపెనీలకు వర్తింపవు.

ఇతర దేశముల దారులు వేరు. ఫ్రాన్సులో కేంద్రబ్యాంకే కంపెనీల పరపతికి తరగతులు నిర్ణయించి, ఆ తరగతిని కంపెనీ అధిపతికి తెలియజేయును. బ్రిటనులో 2015 నాటి నిబంధనల ప్రకారము నిర్ణీతమైన పెద్ద బ్యాంకులు, చిన్న వ్యాపారుల సమ్మతితో, వారి లెక్కలను పరపతి సంస్థలకు అందజేయవలెను. ఇతర ఋణదాతలును వారికి అప్పిచ్చుటకు ముందుకు రావలెననియే దీని ఉద్దేశము. చైనాలో 2013 నాటి నిబంధనల ప్రకారము వ్యక్తుల పరపతిని సేకరించువారికి ప్రభుత్వానుమతి కావలెను. కంపెనీల పరపతిని సేకరించువారు నమోదు చేయించుకొనిన చాలును.

మన దేశములో 2005లో పరపతి సమాచార సంస్థల చట్టము ఏర్పడినది. రిజర్వు బ్యాంకు అనుమతి లేక ఎవరును ఈ పని చేయరాదు. సహకార బ్యాంకులును ఈ చట్టము క్రిందికి వచ్చును. తన నివేదికను కోరుటకును, తప్పు దిద్దుడని అడుగుటకును, వ్యక్తితోపాటు సంస్థకును హక్కు కలదు. తప్పును 30 దినములలో పరిష్కరింపవలెను. 2023లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ననుసరించి, గడువు దాటిన ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు పరిహారము చెల్లవలెను. అమెరికా కంపెనీకి తొమ్మిదేండ్లు పట్టిన న్యాయమునకు ఇచ్చట మొదటి మెట్టు ఒక అర్జీయే.

అయితే అడుగని వారికి ఏ చట్టమును తోడ్పడదు. కావున సంస్థల కార్యదర్శులకు మా మనవి యిది. పెద్ద ఋణమునకు దరఖాస్తు చేయుటకు ముందే మీ సంస్థ నివేదికను తెప్పించుకొనుడు. ఏటేట ఉచితముగా నిచ్చు నియమము వ్యక్తులకే గనుక, సంస్థకు రుసుము వేరుగా కావలసివచ్చును. తీర్చిన బాకీ తీరనట్లు కనబడినచో రసీదు నకలు జతచేసి, ఋణమిచ్చిన బ్యాంకునకును, పరపతి సమాచార సంస్థకును వ్రాతపూర్వకముగా తెలుపుడు. అర్జీ అందినట్లు తేదీతోకూడిన రసీదు తీసికొని దఫ్తరములో భద్రపరచుడు. గడువు లెక్కకు ఆ రసీదే ఆధారము.