ఊరా, పల్లెయా? - ఒంగోలులో క్లౌ దొర తొలి దినములు

పరదేశమున, అందును పల్లెటూరి సీమలో కాపురము పెట్టుట అనగానే ముందుగా తట్టునవి ఎండ, నీరు, తిండి, భాష. క్రైస్తవ మిషనరీల జీవితచరిత్రలలోను ఇవియే యెక్కువగా కనబడును. ఇవి కష్టములే కాని, కాలక్రమమున అలవాటగును. అలవాటు పడుటకు వీలులేని చిక్కు మరియొకటి కలదు. కొత్తగా వచ్చినవాడు మొదట ఎవరి వాకిట అడుగిడునో, దానిని బట్టియే తక్కిన వాకిళ్ళు తెరచుకొనుటయో మూసికొనుటయో జరుగును. ఈ చిక్కును వివరించుటకు, 1866లో ఒంగోలు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా యువకుని వృత్తాంతము కంటె తగినది మాకు తోచలేదు.

క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. మతబోధ చేపట్టక మునుపు ఆయన సర్వే పనివాడు. మిన్నెసోటా ప్రాంతమున గొలుసు పట్టి భూములు కొలిచినవాడు. ఈ సంగతి చిన్నదివలె తోచినను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. 1864 నవంబరు 30వ తేదీన భార్య హారియెట్‌తో బోస్టను రేవున ఓడ ఎక్కునప్పటికి అమెరికాలో అంతర్యుద్ధము ముగియలేదు. సూయజు కాలువ తెరచుటకు ఇంకను ఐదేండ్లు పట్టును. కావున ఆఫ్రికాను చుట్టి, నెలల తరబడి సముద్రముపై గడపి, 1865లో వారు మద్రాసునకును, అటనుండి నెల్లూరునకును వచ్చిరి.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నుండియు ఉన్నది కాని, కాలు శతాబ్దమైనను దానిలో చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. మూసివేయుదమను ఆలోచన అమెరికాలో ఒకటికి రెండు సార్లు వచ్చినది. అచ్చట 1849 నుండి పనిచేయుచున్న జ్యూయెట్ దొర, ఎవరు రాకున్నను తానొక్కడే తిరిగి పోదునని పట్టుపట్టెననియు, అట్లు పోయి మరణించినచో పూడ్చుటకైనను తోడొకడు వలయునని పెద్దలు క్లౌను పంపిరనియు ఒక కథ వాడుకలో ఉన్నది. కార్యాలయములలోని హాస్యము ఎక్కడనైనను ఇట్లే ఉండును కాబోలు.

నెల్లూరులో క్లౌ ఏడాదిన్నర కాలము తెలుగు నేర్చెను. బ్రౌను దొర నిఘంటువు 1850ల నాటికే అచ్చుపడియున్నది కనుక పుస్తకమునకు లోటు లేదు. అయితే చదువుకొన్నవారి తెలుగు వేరు, పల్లెలో చెవినబడు తెలుగు వేరు. రెండవది ఏ పుస్తకమునను దొరకునది కాదు. 1866 సెప్టెంబరులో ఆయన ఒంగోలునకు మారెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది. గుంటూరు జిల్లా ఏర్పడినది 1904లో గదా.

ఇక మన సీమలోని గ్రామపు అమరికను తలచుకొందము. ‘ఊరు’ అనునది ఒకటి. దానికి ఎడముగా ‘మాలపల్లె’, ‘మాదిగపల్లె’ అనునవి వేరు. నాడు ఊరిలో తిరుగువాడు పల్లెకు పోరాదు; పల్లెలోనివాడు ఊరి యిండ్లలో అడుగిడరాదు. అమెరికాలో కొత్త భూములకు పోయి గుడిసె వేసికొను వారిని చూచిన క్లౌకు ఇటువంటి గీత నేలమీద కనబడునది కాదు. గొలుసుతో కొలువ దగినదియు కాదు. మొదట ఆయన అందరును కోరునట్లే ఊరిలోని పెద్ద కులముల వారితో స్నేహము చేసెను. వారి బాలురు చదువునకు వచ్చుచుండిరి. పని మెల్లగా సాగునను ఆశ కలిగినది.

అదే కాలమున యర్రగుంట్ల పేరయ్య ఎదురయ్యెను. ఆయన మాదిగ కులమునకు చెందినవాడు. తోళ్ళ వర్తకము చేసి దూరప్రాంతములు తిరిగినవాడు. రాజయోగ సంప్రదాయమున గురూపదేశము పొంది, తన వారిలో మన్నన గడించినవాడు. వర్తకముపై ఏలూరు వైపు పోయినప్పుడు క్రైస్తవ బోధ విని, 1866లో భార్యతో కూడ ఆ మతమున చేరెను. మిషనరీ వచ్చి అజ్ఞానికి తెలివి కలిగించెనని వ్రాయు చరిత్రలు పెక్కులు కలవు. ఇచ్చట అన్వేషణ పేరయ్యది, ఆహ్వానమును పేరయ్యదే. తన ఊరికి రమ్మని ఆయనే క్లౌను మరల మరల కోరెను.

ఆ ఊరు ఒంగోలునకు పడమట సుమారు 40 మైళ్ళు. 1867 జనవరిలో క్లౌ అచ్చటికి పోవునప్పటికి, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన స్త్రీ పురుషులు కొన్ని దినములకు సరిపడు తిండియు, ఉతికిన బట్టలును వెంట తెచ్చుకొని కాచుకొనియుండిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

వార్త ఒంగోలు చేరినంతనే ఊరి పెద్దలు స్పష్టముగా చెప్పిరి: వీరిని చేర్చుకొన్నచో మేము రాము. ఇది బెదిరింపు మాత్రమే కాదు, నాటి నియమము ప్రకారము నిజము. మాదిగవారితో కలిసి కూర్చుండిన పెద్ద కులము వాడు తన ఇంటిలో అడుగు పెట్టజాలడు. క్లౌ సందిగ్ధమున బడెను. తానును హారియెట్టును వేరువేరు గదులలో ఉండి బైబిలు తెరువగా ఇద్దరికిని ఒకే ఘట్టము, దేవుడు బలహీనులను ఎన్నుకొనెనను పౌలు లేఖలోని భాగము కనబడెనని ఆయన పిమ్మట చెప్పెను. విశ్వసించువారు విశ్వసింతురు. మాకు ముఖ్యముగా తోచునది, ఆయన రెండు వాకిళ్ళను ఒకమారే తెరచి యుంచుటకు వీలులేదని గ్రహించి ఒకదానిని ఎన్నుకొనుట. పెద్ద కులముల బాలురు చదువు మానివేసిరి.

ఆ ఎన్నికకు వెల చెల్లించినది క్లౌ కంటె పల్లెవారే యెక్కువ. మాదిగవారు రైతులకు చెప్పులు, కపిలబావులకు తోలుబానలు చేయవలెను; చచ్చిన పశువును తీసికొనిపోవలెను; జాతరలో డప్పు కొట్టవలెను; ఇందులకు ప్రతిఫలము పంటనాటి ధాన్యము. కొత్తగా చేరినవారికి ప్రధానముగా మూడు నియమములు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు తేలికయే. కాని కోతలు సాగుచుండగా ఆదివారము పని మానినచో రైతు ఊరకుండునా? డప్పు మ్రోగనిదే అమ్మవారి జాతర సాగునా? కొన్ని గ్రామములలో కరణములు, మునసబులు వారికి పనులు మాన్పించిరి, అంగడిలో సరుకు దొరకనీయలేదు, నీటికి అడ్డుపడిరి. క్లౌ అధికారులతో మాటలాడుటయు కలదు; అయినను పల్లెవారిని వారి గ్రామములనుండి లేపి మిషను ఆవరణలలోనికి తెచ్చిపెట్టుటకు ఆయన ఇష్టపడలేదు. కులపెద్దల పంచాయతి కట్టుబాటును కూలద్రోయక దానిపైననే సంఘమును నిలిపెను. మా అభిప్రాయమున ఆయన పనిలో ఎక్కువ వివేకము కనబడు అంశమిదియే.

1876-78 నాటి దాతుకరువు తెలిసినదే. అప్పుడు పాత గొలుసు పని మరల అక్కరకు వచ్చెను. బకింగుహామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును క్లౌ కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. ధాన్యమునకై మతము మారిరను మాట రాకుండుటకు కరువుకాలమున బాప్తిస్మములు ఆపియుంచెను. 1878 జూలై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరమున, గుండ్లకమ్మ ఒడ్డునగల వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇంత చేసినను ఆ మాట రాకపోలేదు.

క్లౌ 1910లో అమెరికాలో మరణించెను. ఆయన చెప్పిన అనుభవములను రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ గ్రంథముగా కూర్చగా అది 1914లో వెలువడినది. అంతకు మునుపే 1899లో ఆమె ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అను పుస్తకమున మాదిగ వృద్ధులు చెప్పిన కథలను అచ్చువేయించెను. పేరయ్య యోగగురువుల వద్ద గడపిన దినములు, క్లౌను ఎరుగక మునుపే ఆయన వెదకిన త్రోవలు మనకు తెలియుట వారి నోటి మాటల వలననే.