మిక్సీ అమెరికా వెళ్లాలంటే

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం వంటింట్లోనూ పచ్చడికి, పిండికి మిక్సీ తిరగాల్సిందే. అయితే అక్కడి గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఇళ్లలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ సుమారు మూడుంపావు ఆంపియర్లు లాగే 750 వాట్ల మిక్సీ, అక్కడ అంతే పని చేయాలంటే ఆరుంపావు లాగాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి, అదే మందం తీగ ఉంచేస్తే దాదాపు నాలుగింతలు వేడెక్కుతుంది. ఇండక్షన్ మోటారుతో నడిచే గ్రైండర్‌కు మరో చిక్కు ఉంది: 60 హెర్ట్జ్ దగ్గర దాని వేగం అయిదో వంతు పెరుగుతుంది. ఇవన్నీ డ్రాయింగు గీసే రోజునే తేలాల్సిన లెక్కలు. మనవాళ్లు చాలామంది మాత్రం విదేశీ భద్రతా ధ్రువీకరణను, సరుకంతా తయారయ్యాక కంటైనర్ ఎక్కించే ముందు తెచ్చుకోవాల్సిన కాగితంగా చూస్తారు. నష్టమంతా ఆ చూపులోనే ఉందని నా గట్టి నమ్మకం.

ల్యాబ్‌లో ఏం చూస్తారో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఇంట్లో వాడే విద్యుత్ ఉపకరణాలకు ప్రపంచంలో ఎక్కువ దేశాలు ఆధారంగా తీసుకునేది అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) వారి ఐఈసీ 60335 ప్రమాణం. అందులో వంటింటి యంత్రాలకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. మనిషి వేలి ఆకారంలో కీళ్లున్న లోహపు కడ్డీని ప్రతి సందులో దూర్చి, కరెంటు ఉన్న భాగం తగులుతుందేమో చూస్తారు. ఒకటి నుంచి నాలుగు కిలోల బరువున్న ఉపకరణమైతే దాని కార్డును సుమారు ఆరు కిలోల బరువుకు సమానమైన బలంతో 25 సార్లు లాగుతారు. తర్వాత మెలి తిప్పుతారు. ఇంత చేసినా కార్డు రెండు మిల్లీమీటర్లకు మించి జరగకూడదు. ఎర్త్ తీగ ఉన్న ఉపకరణమైతే ఆ దారిలో 25 ఆంపియర్ల కరెంటు పంపి, నిరోధం 0.1 ఓమ్ దాటకుండా ఉందో లేదో కొలుస్తారు. వీటన్నిటికంటే కఠినమైనది క్రీపేజ్ దూరం, అంటే కరెంటు ఉన్న భాగం నుంచి చేతికి తగిలే భాగం దాకా ప్లాస్టిక్ ఉపరితలం మీదుగా కొలిచే దూరం. వంటింటి ఆవిరి, పిండి, పసుపు పేరుకుంటే ఆ ఉపరితలమే కరెంటుకు దారి అవుతుంది. ఆ దూరం మిల్లీమీటరు తక్కువైందని ల్యాబ్ తేల్చేసరికి అచ్చు తయారై ఉంటుంది, లక్షల రూపాయలు ఖర్చయి ఉంటాయి. ఏ కన్సల్టెంటూ ఆ మిల్లీమీటరును కాగితం మీద పెంచలేడు.

అమెరికాలో ఇలాంటి పరీక్షలు చేసే ల్యాబ్‌లలో ఎక్కువగా వినిపించే పేరు యూఎల్. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనలో కొత్తగా వచ్చిన విద్యుత్ దీపాల వల్ల అగ్నిప్రమాదాలు జరుగుతాయేమోనని బీమా సంస్థలు బెదిరిపోయాయి. అక్కడి వైరింగ్ పరిశీలనకు వచ్చిన విలియం హెన్రీ మెర్రిల్ అనే యువ ఇంజినీరు ఆ మరుసటి ఏడాదే ఈ సంస్థకు పునాది వేశాడు. నేటికీ చాలా గృహోపకరణాలకు యూఎల్ ముద్ర ఉండాలని అమెరికా కేంద్ర చట్టమేమీ చెప్పదు. అయినా పెద్ద దుకాణాలు, బీమా సంస్థలు, స్థానిక విద్యుత్ తనిఖీ అధికారులు గుర్తింపు పొందిన ల్యాబ్ ముద్ర అడుగుతారు కాబట్టి, అది లేని సరుకు అరల మీదికి చేరడం కష్టం. ఒకసారి ముద్ర వచ్చాక కూడా పని తీరదు. తనిఖీదారు సాధారణంగా ఏడాదికి నాలుగుసార్లు, ముందుగా చెప్పకుండా ఫ్యాక్టరీకి వస్తాడు. పరీక్షకు పంపిన నమూనాలో ఏ వైరు, ఏ ప్లాస్టిక్, ఏ స్విచ్ ఉన్నాయని ఫైలులో రాసుకున్నారో, లైనులో అవే ఉన్నాయా అని చూస్తాడు. మన చిన్న ఫ్యాక్టరీలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. రాగి ధర పెరిగిందనో, పాత సప్లయర్ సరుకు ఆలస్యమైందనో, కొనుగోలు విభాగం ‘అచ్చం అలాంటిదే’ మరో వైరు తెస్తుంది. చూపుకు తేడా ఉండదు. ధ్రువీకరణ లెక్కలో మాత్రం అది మరో ఉపకరణం.

ఐరోపా సంగతి వేరు. అక్కడ మిక్సీలాంటి వాటికి తయారీదారు తానే పరీక్షలు చేయించుకుని, అక్కడి నిబంధనలకు సరుకు సరిపోతుందని తానే ప్రకటన మీద సంతకం పెట్టి సీఈ ముద్ర వేసుకోవచ్చు. ‘ఎవరూ అడగనప్పుడు అంటించేస్తే పోలా?’ అనేవాళ్లున్నారు. ఆ సంతకం అర్థం వాళ్లు గ్రహించడం లేదు. డిజైన్, పరీక్షా ఫలితాలు ఉన్న సాంకేతిక ఫైలును సరుకు మార్కెట్లోకి వచ్చాక పదేళ్లు దాచి, అధికారులు అడిగితే చూపాలి. 2021 జులై 16 నుంచి ఐరోపా సమాఖ్యలోనే బాధ్యత వహించే ఒకరి చిరునామా సరుకు మీద గానీ పెట్టె మీద గానీ దానితో వచ్చే పత్రంలో గానీ ఉండాలి. ప్రమాదకరమని తేలిన వస్తువుల వివరాలు అందరికీ కనిపించేలా సేఫ్టీ గేట్ అనే వ్యవస్థలో పెడతారు. షాక్ కొట్టకపోయినా సరుకు ఆగిపోవచ్చు: సోల్డరింగ్‌లో సీసం సాధారణంగా 0.1 శాతం దాటకూడదు, కాడ్మియంకు పరిమితి 0.01 శాతమే. పీవీసీ వైరును మెత్తబరిచే నాలుగు థాలేట్ రసాయనాలకు 2019 జులై 22 నుంచి 0.1 శాతం పరిమితి వచ్చింది. ఎక్కడో చవకగా కొన్న వైరులో ఏ రసాయనం ఉందో దాన్ని బిగించేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇదంతా ధనిక దేశాలు కట్టిన అడ్డుగోడ అనే వాదనను నేను కొట్టిపారేయను. ఒకే పరీక్షను దేశానికోసారి చేయించాల్సి రావడం నిజంగా భారమే. కానీ ప్రమాణాల మూలం అడ్డుగోడలో లేదు, నిప్పులో ఉంది. 1894లో యూఎల్ మొదలైంది అమెరికన్ల ఇళ్లు కాలకుండా చూడటానికే. మన ఐఎస్ 302 ప్రమాణం కూడా ఐఈసీ 60335 బాటలోనే నడుస్తుంది, మనమూ దిగుమతిదారుల్ని మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర అడుగుతున్నాం. పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించే బాధకు ఐఈసీ వ్యవస్థలోని సీబీ పథకం చాలావరకు మందు. ఇందులో 50కి పైగా దేశాలున్నాయి, మన దేశమూ ఉంది. ఒకచోట వచ్చిన పరీక్షా నివేదికను మిగతా చోట్ల ఆధారంగా తీసుకుంటారు. ఆయా దేశాల ప్రత్యేక నిబంధనల మేరకే అదనపు పరీక్షలు అవసరమవుతాయి. మొదటి నమూనాను పరీక్షకు పంపేటప్పుడే ఏయే దేశాల తేడాలు కలపాలో ల్యాబ్‌కు చెప్పేస్తే ఎంతో డబ్బు మిగులుతుంది.

చిన్న యూనిట్‌కు ఆ మొదటి పరీక్ష ఖర్చే మోయలేనిదన్న అభ్యంతరం మాత్రం బలమైనది. దానికి సగం జవాబు ఇంజినీరు దగ్గర ఉంది: కార్డు, ప్లగ్గు, స్విచ్, థర్మల్ కటౌట్ ఇప్పటికే ధ్రువీకరణ ఉన్నవి కొంటే వాటి మీద విడిగా చేయాల్సిన పరీక్షలు చాలా తగ్గుతాయి. మిగతా సగం ప్రభుత్వాలది. విదేశీ ఎగ్జిబిషన్లలో స్టాల్‌కు ఇచ్చే రాయితీ కంటే, చేతితో చేసిన తొలి నమూనాను ముందస్తు పరీక్షకు పంపడానికిచ్చే సాయం ఎగుమతిదారుకు ఎక్కువ మేలు చేస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ పరీక్షాకేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ ఆమోదం ఉన్న ప్రైవేటు ల్యాబ్‌లూ ఉన్నాయి. మీ వస్తువు వాటి గుర్తింపు పరిధిలోకి వస్తుందో లేదో ముందు కనుక్కోండి. ఎగుమతి ఆలోచన ఉన్న తయారీదారులకు నా విన్నపం ఒక్కటే: అచ్చుకు అడ్వాన్సు ఇవ్వకముందే మీరు ఎగుమతి చేయబోయే దేశపు భద్రతా ప్రమాణం ప్రతి కొని, మీ డిజైనర్ చేతిలో పెట్టండి.