తెర నల్లబడితే కార్డును తిట్టేముందు

ఇంట్లోనో దుకాణంలోనో కంప్యూటరు తెర ఉన్నట్టుండి వెలగడం మానేస్తే, చాలామంది అనే మొదటి మాట "వీడియో కార్డు పోయింది" అని. కార్డు ఖరీదు వేలల్లో ఉంటుంది. కానీ తప్పు దానిదే కానక్కర్లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బటన్ సెల్ ఒకటి ఉంటుంది. కొద్ది పదుల రూపాయల వస్తువు. అది నీరసించినా ఇలా జరగవచ్చు.

ఎలాగంటారా? కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేదీ, చాలా బోర్డుల్లో మనం పెట్టుకున్న అమరికలను గుర్తుంచుకునేదీ ఆ సెల్లే. దాని సత్తువ తగ్గితే అమరికలన్నీ మొదటికి వస్తాయి. అప్పుడు కొన్ని యంత్రాల్లో బొమ్మ కార్డుకు బదులు బోర్డుకున్న సొంత సాకెట్టు వైపు వెళ్ళిపోతుంది. కార్డుకు తగిలించిన తెర నల్లగానే ఉంటుంది. కేబులు తీసి బోర్డు సాకెట్టుకు పెట్టండి. బొమ్మ వచ్చిందంటే సగం చిక్కు విడినట్టే. ఇక సెల్‌ను అనుమానించండి.

రాత్రి గోడ స్విచ్చి కట్టేసి పొద్దున్న వేస్తే తేదీ ఏళ్ళ వెనక్కు పోయిందా? అది సెల్ చెప్పే మాటే. తేదీ తప్పితే బిల్లుల మీద పాత తేదీ పడుతుంది, బ్యాంకు వెబ్‌సైటు కూడా భద్రత లేదంటూ తెరుచుకోదు. మల్టీమీటరుతో చూస్తే మంచి సెల్ మూడు వోల్టులు, ఆపైన కొంచెం చూపిస్తుంది. బాగా తగ్గితే మార్చేయండి. ఎక్కువ బోర్డులకు సరిపోయేది సి.ఆర్. 2032 రకం.

ఇక కార్డు సంగతి. తెర మీద గీతలు, రంగు చుక్కలు వస్తుంటే మానిటరు బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరవండి. మెనూ మీదా గీతలుంటే జబ్బు మానిటరుది. మెనూ శుభ్రంగా ఉంటే కార్డునో కేబులునో చూడాలి. అరగంట బాగా నడిచి తర్వాత చెడుతుంటే వేడి కారణం కావచ్చు. కార్డు ఫ్యాను తిరుగుతోందా, దుమ్ము పట్టిందా చూడండి.

యానాం, తాళ్ళరేవు, కోరంగి, ఎదుర్లంక వైపు వారికి మరో బాధ ఉంది. ఒకపక్క గౌతమీ గోదావరి, దగ్గరలోనే సముద్రం. ఉప్పుగాలిలోని తేమ కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్ళ మీద పొరలా పట్టి, అంటు సరిగా కుదరనివ్వదు. ప్లగ్గు గోడనుంచి పూర్తిగా పీకి, క్యాబినెట్ లోహాన్ని ఓసారి ముట్టుకుని, కార్డు తీసి ఆ పళ్ళను పెన్సిలు రబ్బరుతో మెత్తగా తుడవండి. గట్టిగా రుద్దితే పూతే లేచిపోతుంది. కార్డును తిరిగి నొక్కి బిగించాక ఎన్నో యంత్రాలు లేచి కూర్చుంటాయి. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. క్యాబినెట్‌ను నేలమీద కాక బల్లమీద ఉంచుకోవడం మేలు.

తీసిన పాత సెల్‌ను మాత్రం కిటికీలో పెట్టి మరచిపోకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.