ఐచ్ఛిక పరామితి యనగా నేమి?

మన బాలబాలికలు ఇంటివద్ద ప్రమేయము, పరామితి యని మాటలాడుకొనుచుండగా, అవి యేమని కొందఱు తల్లిదండ్రులు నన్నడిగిరి. వారికొఱకే యీ వ్యాసము.

రాజురా-ఆసిఫాబాదు మార్గమున హోటలులో కూర్చుండి “ఒక టీ” యందుము. చక్కెర మాట మనమెత్తము. అయినను అతడు చక్కెర వేసియే తెచ్చును. వలదన్నవాడు విడిగా చెప్పవలెను. కంప్యూటరునకిచ్చు ఆజ్ఞలలో ఒక పనికి పేరు పెట్టి కూర్చిన భాగము ప్రమేయము. దానికి మనమందించు వివరములు పరామితులు. మనము చెప్పనపుడు యంత్రము గ్రహింపవలసిన విలువను ముందే వ్రాసియుంచినచో, అది ఐచ్ఛిక పరామితి.

దీని యవసరమునకు నిదర్శనము మన రాష్ట్రముననే కలదు. 2024 మే 1వ తేదీ మొదలు జన్మించిన శిశువుల పేర్లలో తండ్రి పేరునకు ముందు తల్లి పేరును చేర్చవలెనని మహారాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినది. పాత ప్రమేయమునకు తల్లి పేరును తప్పనిసరిగా జోడించినచో, దానిని పిలుచు పాత ఆజ్ఞలన్నియు ఆగిపోవును. ఐచ్ఛికముగా జోడించినచో అవి యథాప్రకారము నడచును.

మా విద్యార్థులు పైథాను భాషలో ఇట్లు వ్రాసిరి:

పత్రము(పేరు, తండ్రి, ఇంటిపేరు, తల్లి = "", మాతృభాష = "మరాఠీ")

(2008లో వెలువడిన పైథాను మూడవ రూపమునుండి ఇట్టి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకొనవచ్చును. ఈ సంగతి పిల్లలకంటె నాకే యెక్కువ సంతోషము కలిగించినది.)

పత్రములు వెలువడినవి. చూడగా తెలుగు పిల్లలందఱి మాతృభాషయు మరాఠీయే! భాషను చెప్పుట మఱచిరి. యంత్రము తన యొద్దనున్న మాటను వేసినది. తప్పు జరిగినదని అది యొక్క మాటైన చెప్పలేదు. ఐచ్ఛిక పరామితిలోని అపాయమిదియే.

వ్రాసిన బాలుని నేను నిందింపను. “ఇది మహారాష్ట్రము గదా” యని వాడనుకొనెను. రాజురా తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలోనిది. 1959లో చాందా జిల్లాలో చేరినది. సరిహద్దు జరిగినది గాని యిండ్లు జరుగలేదు. ఆ 1956లోనే రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములను కోరుచున్నది. పిల్లవాని భాషయే తప్పుగా నమోదైనచో ఆ సౌకర్యమును ఎవరి పేరిట అడుగుదుము?

“మరాఠీకి బదులు తెలుగు అని పెట్టుదము” అని యొక బాలిక సూచించినది. నేనొప్పుకొనలేదు. ఈ ప్రాంతమున గోండి మాటలాడు కుటుంబములును కలవు; మనకు జరిగిన తప్పును మనము వారికి చేయరాదు. తల్లి పేరు లేని పాత పత్రములుండవచ్చును గాని, మాతృభాష లేని బిడ్డ యుండడు.

కావున ఆ సమాన చిహ్నమును, దాని ప్రక్కనున్న మాటను తీసివేసితిమి. పైథానులో తప్పనిసరి పరామితులు ముందు, ఐచ్ఛికములు వెనుక నుండవలెను. అందుచే మాతృభాషను తల్లికి ముందునకు జరిపితిమి. పిదప బుద్ధిపూర్వకముగా భాషను విడిచి నడిపి చూచితిమి. యంత్రము పత్రమునీయక నిలిచిపోయినది. తెరపై ఆంగ్ల వాక్యము నడుమ, లోపించిన వివరము పేరు “మాతృభాష” యని తెలుగక్షరములలో కనబడినది.